బెయిల్ ఆర్డరు వచ్చాక కూడా పని ఉంటుంది: విశాఖలో లీగల్ ఎయిడ్ డిఫెన్స్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి

లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులో చేరిన జూనియర్లు మొదట వాదన గురించి అడుగుతారు. క్రాస్ ఎలా చేయాలి, ఏ తీర్పు చూపించాలి అని. అవీ నేర్చుకోవాల్సినవే. కానీ డబ్బు లేని ముద్దాయికి ఎక్కువ నష్టం వాదనలో జరగదు. అరెస్టుకీ బెయిల్ ఆర్డరుకీ మధ్య పోయే రోజుల్లో జరుగుతుంది. ఆర్డరు వచ్చాక కూడా అడవివరం జైలు గేటు తెరుచుకోకుండా గడిచే రోజుల్లో ఇంకా ఎక్కువ జరుగుతుంది. ఆ రోజుల్ని తగ్గించడమే మన పనిలో పెద్ద భాగమని నా నమ్మకం. అందుకే ఇక్కడ నేను చెప్పేదంతా దాదాపు దాని గురించే.

అర్హత సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు తమ ఆదాయం ఎంతో చూపించాల్సిన పని లేదు. మిగతావాళ్ళకి మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండాలి. జైల్లో ఉన్న మనిషి తరఫున వచ్చిన భార్యని ఎవరైనా ఆదాయ సర్టిఫికెట్ కోసం సచివాలయానికి పంపిస్తుంటే ఆపండి. ఆమెకి ఆ రోజు కూలి పోతుంది, మనకి ఒక రోజు పోతుంది.

2022లో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) తెచ్చిన స్కీము వల్ల మనం ఫుల్‌టైమ్‌గా ఈ పనే చేస్తున్నాం, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ముద్దాయి దగ్గర గానీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళ దగ్గర గానీ ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. జిరాక్సుల ఖర్చుకని ఇచ్చినా సరే, వద్దనాలి.

మొదటి ప్రొడక్షన్

రిమాండ్ డ్యూటీ మీదైతే ఫోను దగ్గరే పెట్టుకోండి. ప్రొడక్షన్ అంటే అరెస్టైన మనిషిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడం. సెలవు రోజైతే అది మేజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గరే జరగొచ్చు. కేజీహెచ్ ఆస్పత్రిలో మెడికల్ చేయించి పోలీసులు నేరుగా తీసుకొచ్చేస్తారు. ముద్దాయితో మాట్లాడటానికి మీకు దొరికేది కొద్ది నిమిషాలే. కానిస్టేబుల్‌ని కాస్త దూరంగా నిలబడమని మర్యాదగా, గట్టిగా అడగండి. మొదటి ప్రొడక్షన్ నుంచే పేదవాడికి లాయరు ఉండాలని సుప్రీంకోర్టు 1980 డిసెంబరులోనే, భాగల్పూర్ కళ్ళు పొడిచిన కేసులో, చెప్పింది. మీరు అక్కడ నిలబడింది ఎవరి దయ వల్లా కాదు.

ఆ కొద్ది నిమిషాల్లో "నేరం చేశావా" అని అడగొద్దు. ఎప్పుడు పట్టుకున్నారు, ఎక్కడ, ఎవరెవరు చూశారు, స్టేషన్లో ఎన్ని రాత్రులు పడుకున్నావు, ఆఖరిసారి అన్నం ఎప్పుడు తిన్నావు అని అడగండి. రిమాండ్ రిపోర్టులో "ఈ రోజు ఉదయం" అని ఉంటుంది. మనిషేమో "మొన్న సంతకి ఎళ్ళి వస్తంటే పట్టుకున్నారమ్మా" అంటాడు. అరెస్టైన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తేవాలి కదా, ఆ గడువు దాటిందో లేదో అక్కడే తెలుస్తుంది. దెబ్బలుంటే మేజిస్ట్రేట్ గారికి చెప్పి రికార్డులో రాయించండి. అరెస్టుకి కారణాలు తనకి అర్థమయ్యే భాషలో చెప్పారో లేదో అడగండి. అది చెప్పకపోతే అరెస్టే చెల్లదని విహాన్ కుమార్ కేసులో 2025లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. శిక్ష ఏడేళ్ళు, అంతకు లోపు పడే నేరమైతే అనవసరంగా అరెస్టు చేయొద్దన్న అర్నేష్ కుమార్ తీర్పు, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35వ సెక్షన్ కింద అరెస్టుకి బదులు ఇవ్వాల్సిన నోటీసు సంగతి లేవనెత్తండి. లిఖితపూర్వకంగా ఏమీ సిద్ధంగా లేకపోయినా నోటితోనైనా రిమాండ్‌ని ఎదిరించాలి. మౌనంగా నిలబడి సంతకం పెట్టి వచ్చేస్తే ఆ పూట అక్కడ లాయరు లేనట్టే.

భాష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గరికి గాజువాక షెడ్లలో పనిచేసే ఒడియా కుర్రాళ్ళు వస్తారు, హిందీ తప్ప రాని బీహార్ కూలీలు వస్తారు, పాడేరు, ముంచంగిపుట్టు వైపు నుంచి ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడే గిరిజనులు వస్తారు. ఈ గిరిజనులకి తెలుగు వచ్చు, కానీ సంత తెలుగు. కోర్టు తెలుగు రాదు. ఏది అడిగినా తలూపుతారు. ఆ తలూపుని ఒప్పుకోలు అనుకోకండి. "నేను చెప్పింది నువ్వు మళ్ళీ చెప్పు బాబూ" అని అడిగితే ఎంత అర్థమైందో బయటపడుతుంది. అనువాదకుడు కావాలంటే కోర్టునే అడగండి. కేసు పెట్టిన స్టేషన్ కానిస్టేబుల్‌తో మాత్రం అనువాదం చేయించొద్దు.

ఇంకొకటి. చాలామంది మిమ్మల్ని గవర్నమెంటు లాయరు అనుకుంటారు. గవర్నమెంటంటే వాళ్ళ దృష్టిలో పోలీసులే. అందుకే మొదటి మాటగా నేను ఇలా చెప్తాను: "నేను నీ వైపు. నువ్వు నాతో చెప్పింది పోలీసులకి గానీ, జడ్జిగారికి గానీ నీ ఇష్టం లేకుండా చెప్పను. నాకు డబ్బులు ఇవ్వక్కర్లేదు." అయినా పుస్తెలు తాకట్టు పెట్టి బయట లాయర్ని పెట్టుకునేవాళ్ళు ఉంటారు. కోపం తెచ్చుకోకండి. ఫైలు, మీరు రాసుకున్న నోట్సు ఆ లాయరుకి ఇచ్చేయండి.

తేదీల పుస్తకం

ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకోండి. ఫోనులో యాప్ ఉన్నా సరే, ఇది పెట్టుకోండి. ప్రతి ముద్దాయికీ ఒక పేజీ. పై వరుసలో రిమాండ్ తేదీ, దాని పక్కనే 60వ రోజు, 90వ రోజు, ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కింద కమర్షియల్ క్వాంటిటీ, అంటే పెద్ద మొత్తం అయితే 180వ రోజు. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. గడువులోగా చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కానీ అడిగితేనే వస్తుంది. మనం అడిగేలోపు చార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయింది. కాబట్టి పిటిషన్ ముందురోజే తయారు చేసుకుని, గడువు ముగిసిన మర్నాడు కోర్టు తెరవగానే వేయండి. వేసిన టైము దాని మీద రాయించుకోండి.

అదే పేజీలో ఇంకో మూడు తేదీలు ఉండాలి. ఒకటి, బెయిలబుల్ కేసులో అరెస్టయి వారం దాటినా జామీను ఇవ్వలేకపోతే ఆ మనిషిని నిరుపేదగా భావించి సొంత బాండు మీద వదలాలని చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ 478వ సెక్షన్ తేదీ. రెండోది, మేజిస్ట్రేట్ కోర్టులో సాక్ష్యానికి వేసిన మొదటి వాయిదా నుంచి 60 రోజులు దాటినా విచారణ ముగియకపోతే 480(6) కింద బెయిల్ అడిగే తేదీ. మూడోది 479వ సెక్షన్: మొదటిసారివాడు, అంటే ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్ళు సగం జైల్లో గడిపేస్తే వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకి ఇది వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులున్నా అడ్డం వస్తుంది. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్ళు, కాబట్టి మొదటిసారివాడికి ఒక్క ఏడాది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది కూడా. అలాగని ఆయన కోసం ఎదురు చూడకండి.

ఈ తేదీలు కరెక్టుగా తెలియాలంటే జైలుకి వెళ్ళాల్సిందే. వీడియో ప్రొడక్షన్‌లో తెర మీద మనిషి నిమిషం కనిపిస్తాడు, పక్కన వార్డరు ఉంటాడు, మనసులో మాట చెప్పలేడు. అడవివరంలో లీగల్ ఎయిడ్ క్లినిక్కుకి వెళ్ళినప్పుడు మీ లిస్టులో ఉన్నవాళ్ళనే కాదు, "లాయరు లేనివాళ్ళు ఎవరున్నారు" అని పారాలీగల్ వాలంటీర్లని అడగండి. జైలు లోపల పనిచేసే వాలంటీర్లకి మనకన్నా ఎక్కువ తెలుస్తుంది. కొందరైతే వకాలత్ మీద ఎవరి సంతకం ఉందో కూడా తెలియకుండా నెలలు గడిపేస్తారు.

గంజాయి కేసులు

విశాఖలో పనిచేసేవాళ్ళు వీటిని తప్పించుకోలేరు. పండించినవాడూ, కొన్నవాడూ కనబడరు. బస్సులోనో రైల్వేస్టేషన్లోనో బ్యాగుతో దొరికిన మోతగాడే మన ముందుకొస్తాడు. గంజాయికి కేజీ వరకు స్మాల్ క్వాంటిటీ, 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. కమర్షియల్ అయితే 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష, బెయిల్‌కి ఎన్‌డీపీఎస్ 37వ సెక్షన్ అడ్డు గోడ. అందుకే 21, 22 కేజీలని రాసిన కేసుల్లో తూకం దగ్గర ఆగి చదవండి. చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొమ్మల్నే; అవి లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. బ్యాగుతో సహా తూచారా, కాడలు ఆకులు వేరు చేశారా, శాంపిలు మేజిస్ట్రేట్ ఎదుట 52ఎ ప్రకారం తీశారా, మధ్యవర్తులుగా సంతకం పెట్టిన వీఆర్వోలు ఆ టైముకి నిజంగా అక్కడున్నారా అని చూడండి. సోదా వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెప్తోంది కాబట్టి వీడియో అడగండి. ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ (గెజిటెడ్ ఆఫీసరు గానీ మేజిస్ట్రేట్ గానీ ఎదుట సోదా చేయమని అడిగే హక్కు) పాయింటు అన్ని కేసులకీ పనికిరాదు. అది ఒంటి మీద సోదాకే వర్తిస్తుంది, బ్యాగులో దొరికితే ఎత్తకపోవడమే మంచిది. పనికిరాని పాయింటు ఎత్తితే పనికొచ్చే పాయింటు బరువు కూడా తగ్గిపోతుంది.

జామీను

ఇదే అసలు పని. బెయిల్ ఆర్డరులో "పది వేలకి ఇద్దరు జామీనుదారులు" అని ఒక లైను ఉంటుంది. పూర్ణామార్కెట్లో మూటలు మోసే మనిషికి ఆ లైను అంటే నెలలు. ఇంటి పన్ను రసీదు ఉన్న చుట్టం ఎవరు? సొంత ఇల్లే ఉంటే ఈ కూలి ఎందుకు?

అందుకే బెయిల్ పిటిషన్ వేసేటప్పుడే మనిషి సంపాదన, ఇంట్లో ఎంతమంది, ఊరు ఎక్కడ అన్నీ రాసి, సొంత బాండు మీద గానీ ఒక్క జామీను మీద గానీ వదలమని అడగండి. ఆర్డరు వచ్చాక తగ్గించమనడం కన్నా ముందే అడగడం సులువు. వేరే జిల్లా జామీనుదారు కుదరదని అంటే 1978 నాటి మోతీరామ్ కేసు చూపించండి. ఆ కేసులో ముద్దాయి ఒక తాపీ పనివాడు, అడిగిన జామీను పది వేలు. జామీనుదారు వేరే జిల్లావాడని తోసిపుచ్చకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. కొరాపుట్ నుంచి వచ్చిన ముద్దాయికి అది ఈ రోజుకీ పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ళకి ఏమేం తేవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాసివ్వండి: ఆధార్, పన్ను రసీదు గానీ పాస్‌బుక్కు గానీ జీతం స్లిప్పు గానీ, ఫొటోలు. నోటితో చెప్తే ఏదో ఒకటి మర్చిపోయి వస్తారు, అంత దూరం నుంచి మళ్ళీ తిరగాలి. కోర్టు బయట డబ్బు తీసుకుని జామీను నిలబడతామనేవాళ్ళ దగ్గరికి పోవద్దని కూడా చెప్పండి. దొంగ కాగితాలు బయటపడితే బెయిల్ పోవడమే కాదు, కొత్త కేసు వస్తుంది.

ఆర్డరు వచ్చి ఏడు రోజులైనా మనిషి విడుదల కాకపోతే ఆ సంగతి జైలు సూపరింటెండెంటు నుంచి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చేరాలి. నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే షరతులు మార్చాలా అన్నది కోర్టే చూడొచ్చు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఇవి. కాగితం దానంతట అది కదలదు కాబట్టి ఎనిమిదో రోజున మీరే వెళ్ళి అడగండి. డబ్బు కట్టలేకే ఆగిపోయినవాళ్ళకి కేంద్రం స్కీము ఒకటుంది, విచారణ ఖైదీకి జామీను డబ్బు సాయం ఇస్తారు. జిల్లా కమిటీ ముందు పేరు పెట్టించాలి.

విడుదల ఆర్డరు జైలుకి చేరేసరికి సాయంత్రం దాటితే ఆ రాత్రి కూడా లోపలే. కాబట్టి జామీనుదారుల్ని పొద్దున్నే రమ్మనండి. బెంచ్ క్లర్కు దగ్గర కాగితాలు ముందే చూపించుకోండి.

మనిషి బయటికొచ్చాక తర్వాతి వాయిదా తేదీ, కోర్టు హాలు, మీ ఆఫీసు నంబరు, 15100 హెల్ప్‌లైన్ నంబరు రాసిన చీటీ ఇవ్వండి. ఫోను లేనివాళ్ళయితే ఊళ్ళో ఫోనున్నవాళ్ళ నంబరు, ఆశా వర్కరుదో కిరాణా కొట్టుదో, తీసుకోండి. ముందురోజు మన ఆఫీసు నుంచి ఫోను వెళ్ళాలి. మన్యం నుంచి రావాల్సినవాళ్ళకి వానాకాలంలో ఘాటు రోడ్డు మూసేస్తే వాయిదా తప్పుతుంది. అప్పుడు ఆ పొద్దున్నే గైర్హాజరు పిటిషన్ వేయండి, బీఎన్‌ఎస్‌ఎస్ 355వ సెక్షన్ కింద. అప్పటికే వారంటు పడిపోతే పోలీసులు ఇంటికెళ్ళేదాకా ఆగొద్దు. మనిషిని వెంటబెట్టుకుని, ఆస్పత్రి చీటీయో బస్సు టికెట్టో చేతిలో పెట్టుకుని, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఆ కోర్టులోనే వారంటు రీకాల్ (రద్దు) పిటిషన్ వేసి కేసు పిలిపించుకోండి.