గ్రాంట్‌కి పాత ఫైల్ కాపీ కొట్టేముందు

అమెరికాలో ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ), ఎన్‌ఎస్‌ఎఫ్ (జాతీయ సైన్స్ ఫౌండేషన్) ఇచ్చే పరిశోధన గ్రాంట్లకు రాసేవాళ్లకి ఒక మాట. ఏ రూల్ వర్తిస్తుందో తేల్చేది మీరు రాయడం మొదలుపెట్టిన రోజు కాదు, గడువు తేదీ. 2025 జనవరి 25 నుంచి గడువున్న ఎన్‌ఐహెచ్ అప్లికేషన్లకి ఫామ్స్-ఐ అనే కొత్త ఫారాల సెట్ తప్పనిసరైంది. నేనేమో ఫిబ్రవరి 5 గడువుకి డిసెంబర్‌లోనే పాత ఫారాలు నింపేసి, తీరిగ్గా కాఫీ తాగాను! మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పుడు ఎన్‌ఐహెచ్ తన నోటీసులు వేసే ‘ఎన్‌ఐహెచ్ గైడ్’ వారపు మెయిల్ తెప్పించుకుంటున్నాను. గడువుకి రెండు వారాల ముందు గ్రాంట్ ప్రకటన మళ్లీ తెరిచి, కొత్తగా ఏమైనా మారిందేమో చూస్తాను. మార్పులు చడీచప్పుడు లేకుండా చేరేది అక్కడే.

ఎన్‌ఎస్‌ఎఫ్‌కైతే బయోస్కెచ్ (పరిశోధకుడి చదువు, అనుభవం చెప్పే చిన్న పత్రం) వర్డ్‌లో చేయకండి, 2023 అక్టోబర్ నుంచి సైఎన్‌సీవీ అనే ఆన్‌లైన్ టూల్‌లో చేసిన పీడీఎఫ్ మాత్రమే చెల్లుతుంది.