కెర్నల్ మెమరీ అలొకేషన్ కోడ్: సమస్యలు, పరిష్కారాలు

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) డ్రైవర్లలో మెమరీ బగ్ కనిపిస్తే ముందు అలొకేషన్ కోడ్‌ను (మెమరీ తీసుకునే భాగాన్ని) చిన్నది చేయండి. చాలాసార్లు బగ్ ఎక్కడుందో అప్పుడే తెలిసిపోతుంది.

సమస్య: మెమరీ కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. కేమెమ్‌లీక్ (విడుదల కాని మెమరీని వెతికే కెర్నల్ టూల్) రిపోర్టులో ఒకే ప్రోబ్ ఫంక్షన్ (డివైస్ దొరికినప్పుడు నడిచే డ్రైవర్ ఫంక్షన్) పదేపదే కనిపిస్తోంది.

కారణం: తప్పు ఎక్కువగా ఎర్రర్ దారిలోనే ఉంటుంది. మూడు అలొకేషన్లు ఉంటే, మూడోది ఫెయిలైనప్పుడు మొదటి రెండూ విడుదల కావాలి. ప్రతి ఇఫ్ లోపలా విడివిడిగా కేఫ్రీలు (మెమరీని విడుదల చేసే పిలుపులు) రాసి ఉంటే, తర్వాత ఎవరైనా మధ్యలో ఇంకో అలొకేషన్ చేర్చినప్పుడు ఎక్కడో ఒకచోట ఫ్రీ చేయడం మర్చిపోతారు.

పరిష్కారం: పాయింటర్లన్నిటికీ మొదటే నల్ (ఖాళీ విలువ) పెట్టండి. చివర ఒకే లేబుల్ ఉంచి, ఏది ఫెయిలైనా గోటూతో అక్కడికే వెళ్లండి. నల్ ఇస్తే కేఫ్రీ ఏమీ చేయదు కాబట్టి దాని ముందున్న నల్ చెక్‌లన్నీ తీసేయొచ్చు. 2023లో వచ్చిన 6.5 కెర్నల్ నుంచి పాయింటర్‌కు తగిలించే ఫ్రీ అట్రిబ్యూట్ కూడా ఉంది. దాంతో పాయింటర్ స్కోప్ (అది చెల్లే కోడ్ భాగం) దాటగానే మెమరీ దానంతటదే విడుదలవుతుంది. అయితే పని సక్సెస్ అయినప్పుడు పాయింటర్‌ను దాని నుంచి తప్పించి రిటర్న్ చేయాలి.

డివైస్ వెళ్లిపోగానే తీసుకున్న మెమరీని వాటంతటవే విడుదల చేసే డెవ్‌ఎం ఫంక్షన్లు ఇంకా సులువే, కానీ అన్నిచోట్లా వాడకండి. డివైస్ ఊడదీసినా ఏదో ప్రాసెస్ దాని ఫైల్‌ను తెరిచే ఉంచవచ్చు. ఆ ఫైల్ వాడే స్ట్రక్చర్‌ను డెవ్‌ఎంతో తీసుకుని ఉంటే, విడుదలైన మెమరీని ముట్టుకున్నట్టే. అక్కడ రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టి, చివరివాళ్లు వదిలాకే విడుదల చేయడం) తప్పదు.

సమస్య: లాగ్‌లో పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4.

కారణం: 4 కేబీ పేజీలైతే ఆర్డర్ 4 అంటే వరుసగా 16 పేజీలు, 64 కేబీ. మెమరీ ముక్కలైపోతే ఖాళీ ఉన్నా అంత వరుస దొరకదు.

పరిష్కారం: ముందు కేమాలోక్ (వరుస పేజీలు ఇచ్చేది), కాకపోతే వీమాలోక్ (చెల్లాచెదురు పేజీలను కలిపి ఇచ్చేది) అని చేత్తో రాసిన కోడ్‌ను తీసేసి, ఆ రెండూ తనే ప్రయత్నించే కేవీమాలోక్ పెట్టండి, విడుదలకు కేవీఫ్రీ. డీఎంఏ బఫర్లకు (డివైస్ నేరుగా చదివే, రాసే మెమరీకి) మాత్రం ఇది పనికిరాదు.

సమస్య: స్పిన్‌లాక్ (నిద్రపోకుండా వేచి ఉండే లాక్) పట్టుకుని ఉండగా స్లీపింగ్ ఫంక్షన్ పిలిచారన్న వార్నింగ్.

కారణం: జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో చేసే అలొకేషన్ మెమరీ దొరికేదాకా నిద్రపోవచ్చు, స్పిన్‌లాక్ ఉండగా అది కుదరదు. ఫ్లాగ్‌ను అటామిక్ (నిద్రపోనిది) చేసేస్తే వార్నింగ్ పోతుంది గానీ, అలొకేషన్ ఫెయిలయ్యే అవకాశం పెరుగుతుంది. మెమరీని లాక్‌కు ముందే తీసుకోవడం మేలు.

సమస్య: ఎలిమెంట్ల సంఖ్య పెద్దదైతే బఫర్ చిన్నదిగా వస్తోంది.

ఆ సంఖ్యను ఒక్కోదాని సైజుతో చేసే గుణకారం ఓవర్‌ఫ్లో అవుతోంది (పరిమితి దాటి చిన్న సంఖ్యగా మారుతోంది). కేకాలోక్ వాడండి, ఆ చెక్ అదే చేస్తుంది.

మార్పులయ్యాక ఫెయిల్‌స్లాబ్ అనే కెర్నల్ టెస్ట్ సదుపాయాన్ని ఆన్ చేసి అలొకేషన్లను కావాలనే ఫెయిల్ చేయించండి. మామూలు టెస్టుల్లో ఆ ఎర్రర్ లేబుల్ దాకా కోడ్ దాదాపు వెళ్లదు.