చేత్తో చేసిన తోలు పర్సుకు రంగు వేయడం, సీల్ చేయడం, తప్పులు దిద్దడం ఎలా?

తోలు మీద వాడే రంగులు రెండు రకాలు. డై లోపలికి ఇంకుతుంది. అక్రిలిక్ పెయింట్ పైన పొరలా నిలుస్తుంది. పని చెడినప్పుడు ముందు చూసుకోవాల్సింది, తప్పు లోపల జరిగిందా, పైన జరిగిందా అని. పైనున్నదైతే తుడవొచ్చు, గీకొచ్చు, ఇంకో రంగుతో కప్పేయొచ్చు. లోపలికి దిగిన డై మాత్రం మళ్లీ పూర్తిగా బయటికి రాదు. అందుకే డై దగ్గర తొందరపడకూడదు. పెయింట్ దగ్గర అంత భయం అక్కర్లేదు.

ఉదాహరణకు ఒక చిన్న పర్సు తీసుకుందాం. ముదురు గోధుమ రంగు డై, దాని మీద పసుపు తంగేడు పూలు.

తోలు ఏ రకమో చూసుకోండి

కొట్లో వెజ్ ట్యాన్ అని అడగండి. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు అది. దక్షిణాదిలో తంగేడు చెక్కతో పదును చేసి, చివర కరక్కాయ పట్టించడం పాత పద్ధతి. చెన్నైలో తోలు వ్యాపారానికి పేరుబడ్డ పెరియమేట్‌లో ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) లెదర్ అంటే ఈ రకమే. హ్యాండ్‌బ్యాగులకు ఎక్కువగా వాడేది క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు, అది ఈ పనికి అంత అనువు కాదు. అనుమానముంటే ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ఇంకి, ఆ చోటు ముదురుగా మారితే డై పడుతుంది. చుక్క అలాగే నిలబడితే పైన ఏదో పూత ఉన్నట్టే.

ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట తోలుబొమ్మలు, ల్యాంప్‌షేడ్ల సంగతి వేరు. వాటికి వాడేది పదును చేయని మేకతోలు. నీళ్లు ఎక్కువైతే ముడుచుకుపోతుంది, వెలుతురు దాటనివ్వని పెయింట్ వేస్తే అందం పోతుంది. ఇక్కడ చెప్పేవి వాటి మీద ప్రయోగించకండి.

డైకి ముందు

కత్తిరించడం, నగిషీ చెక్కడం ముందే ముగించండి. అతికించడం మాత్రం డై తర్వాతే. జిగురు అంటిన చోట డై దిగదు, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. చేతి జిడ్డు పోయేలా స్పిరిట్‌తో (ఆల్కహాల్) తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి.

తడి తోలు మీద ఇనుప కత్తెర, క్లిప్పు లాంటివి పెట్టకండి. పదును చేసేటప్పుడు బెరడు నుంచి తోల్లోకి చేరిన టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలితే నల్ల మరక పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి, అంటే తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు, తగలగానే నలుపు తేలడానికి కారణం కూడా ఇదే. అక్కడ కావాలని చేస్తారు, ఇక్కడ ప్రాణం మీదికొస్తుంది. మరక పడితే నిమ్మరసం దూదితో అద్ది, కొద్ది నిమిషాలాగి మంచినీళ్లతో తుడిచేయండి. కొత్త మరక చాలావరకు పోతుంది.

డై వేయడం

స్పిరిట్ డై త్వరగా, లోతుగా దిగుతుంది, కాబట్టి చారలూ త్వరగా పడతాయి. కొత్తవాళ్లకు నీళ్లలో కలిసే డై మేలు. ఏదైనా సరే, ముందు తుక్కు ముక్క మీద వేసి ఆరనిచ్చి చూడండి. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరాక రంగు ఒకటి కావు.

చేతికి గ్లౌజులు వేసుకోండి. స్పిరిట్ డై అయితే కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి. తడి స్పాంజితో తోలంతా ఒకసారి అద్దితే డై సమంగా పాకుతుంది. డైని పలచన చేసి, పాత బనియన్ గుడ్డను ఉండలా చుట్టి, గుండ్రంగా తిప్పుతూ పూయండి. గుడ్డలో డై కారేంత ఉండకూడదు. మొదటి పూత వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడకండి. రెండు మూడు పలచని పూతలతో వచ్చే రంగు ఒక్క చిక్కని పూతతో రాదు.

ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. తర్వాత పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా రుద్దాలి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు, తర్వాత తెల్ల ప్యాంటు జేబుకు మరకలంటాయి. డై వేసిన తోలు బిరుసెక్కితే నూనె చాలా పలచగా రాయండి. నూనె ఎక్కువైతే పెయింట్ నిలవదు.

పూలు వేయడం

ముదురు గోధుమ మీద నేరుగా పసుపు వేస్తే బురద రంగు వస్తుంది. పూల ఆకారం ముందు తెలుపుతో నింపి, ఆరాక దాని మీద పసుపు వేయాలి. పెయింట్‌ను కొద్ది నీళ్లతో పాలలా పలచన చేసుకోండి. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తర్వాతది. పర్సు మడిచే గీత మీద మందంగా వేస్తే పగిలిపోతుంది. తోలుకని అమ్మే అక్రిలిక్ సాగుతుంది కాబట్టి ఖర్చు ఎక్కువైనా అదే కొనండి. ఆర్ట్ సామాన్ల షాపులో దొరికే మామూలు అక్రిలిక్ గోడకు తగిలించే పటానికి చాలు, రోజూ మడిచే పర్సుకు చాలదు.

సీల్ చేయడం

పెయింట్ ఒక రోజు ఆరాక, రంగును కాపాడే పారదర్శక పూత అయిన అక్రిలిక్ ఫినిష్‌లో (సీలర్ అంటే ఇదే) సమంగా నీళ్లు కలిపి, కొద్దిగా తడిపిన స్పాంజితో వేయండి. మొదటి పూతలో స్పాంజిని ఒకే దిశలో, ఒక్కసారే లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే కింది డై లేచి పసుపు పూలమీదికి పాకుతుంది. నురగ బుడగలు కనిపిస్తే ఆరకముందే స్పాంజి కొసతో సున్నితంగా అద్దేయండి. రెండో పూత మొదటిది ఆరాకే. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి, జిగట అంత త్వరగా వదలదు. అంచులకు తేనెమైనం రాసి గుడ్డతో రుద్దితే చాలు. మైనం మాత్రం పెయింట్‌కు ముందు ఎక్కడా తగలనివ్వకండి.

తప్పు జరిగితే

పెయింట్ గీత దాటితే, తడిగా ఉండగానే తడి ఇయర్‌బడ్‌తో తుడవండి. ఆరిపోతే ఇయర్‌బడ్‌కు కాస్త స్పిరిట్ అద్ది మెత్తబరిచి, టూత్‌పిక్‌తో గీకండి. కింది డై కూడా కొంచెం లేస్తుంది. ఆ చోట గోధుమ పెయింట్ కలుపుకుని అద్దండి.

డై చారలు పడితే ఇంకా పలచని డై ఇంకోసారి మొత్తం మీద వేయండి. చార మీద మాత్రమే వేస్తే అది మరింత తేలుతుంది. డై చుక్క పడకూడని చోట పడితే బ్లీచింగ్ పౌడర్ జోలికి పోకండి, తోలు పాడవుతుంది. రెండే దారులు: మొత్తాన్ని అంతకంటే ముదురు చేయడం, లేదా ఆ చుక్క మీద ఇంకో పువ్వో ఆకో వేయడం.

జిగురు మచ్చను సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, మళ్లీ డై అద్ది చూడండి. పట్టకపోతే పెయింటే గతి. మడత దగ్గర పెయింట్ పగిలితే పైన ఇంకో పూత వేయకండి, అదీ పగులుతుంది. ఆ భాగం వరకు స్పిరిట్‌తో తీసేసి, పలచగా మళ్లీ మొదలుపెట్టండి.

సీలర్ జిగురుగానే ఉండిపోతే గాలి తగిలే చోట రెండు మూడు రోజులు వదిలేయండి. అప్పటికీ వేలికి అంటుతుంటే కింద నూనె ఎక్కువై ఉంటుంది. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వేయడమే, పూలు కూడా కొంత పోతాయి.