డీజిల్ ఒలికిన మట్టిని సూక్ష్మజీవులతో బాగుచేయడం ఎలా?

జనరేటర్ కిందో, పాత బండి నిలిపిన చోటో డీజిల్ కారి కారి మట్టి నల్లబడిపోయి, గడ్డిపరక కూడా మొలవడం లేదనుకోండి. చాలామంది వెంటనే నూనె తినే బ్యాక్టీరియా ప్యాకెట్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. ఆగండి, సాధారణంగా ఆ బ్యాక్టీరియా మీ మట్టిలోనే ఉంటుంది. డీజిల్ దానికి తిండే, కాకపోతే గాలి, తడి, నత్రజని చాలక పని ముందుకు సాగదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడు కొన్ని తీరాల మీద చల్లింది కూడా ఎరువే, తినే పని అక్కడి సూక్ష్మజీవులే చూసుకున్నాయి.

ముందు కారడం ఆపండి, అది ఆగకుండా ఏం చేసినా దండగే. తర్వాత ఏం ఒలికిందో, ఎంత ఒలికిందో ఒక అంచనాకు రండి. పెద్ద ట్యాంకు లీకైనా, దగ్గర్లో బావి ఉన్నా ఇది సొంతంగా చేసే పని కాదు, నిపుణులను పిలవాల్సిందే.

కొద్దిపాటి మట్టే అయితే చేతులకు గ్లవ్స్ వేసుకుని, వాసన వచ్చినంత లోతు తవ్వి, మందపాటి ప్లాస్టిక్ షీట్ మీద జానెడు మందాన పరవండి. షీట్ అంచులు పైకి మడవండి, వాన పడితే కప్పేయండి, లేదంటే నూనె పక్క మట్టిలోకి పోతుంది. గడ్డలు చిదిపి, రాళ్లు ఏరేయండి.

ఇప్పుడు ఎరువు. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 పాళ్లలో ఉండాలని ఒక మోటు లెక్క. లీటరు డీజిల్‌లో సుమారు 700 గ్రాముల కార్బన్ ఉంటుంది, అంటే 70 గ్రాముల నత్రజని, 7 గ్రాముల భాస్వరం కావాలి. 140 గ్రాముల యూరియా, 35 గ్రాముల డీఏపీ వేస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. కానీ అంతా ఒకేసారి గుమ్మరించకండి, అమ్మోనియా ఎక్కువైతే మనం పెంచాలనుకున్నవే చస్తాయి. నాలుగైదు విడతలుగా, నెల రెండు నెలల మీద కలపండి. బాగా మాగిన కంపోస్ట్ కొంచెం కలిపితే మట్టి గుల్లబడి గాలి ఆడుతుంది.

తడి విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. మొదటిసారి మంచిదే కదా అని నీళ్లు ఎడాపెడా పోస్తే వారానికి కుళ్లిన గుడ్డు కంపు మొదలైంది, అంటే లోపల గాలి లేదన్నమాట. గుప్పెడు మట్టి తీసి పిసకండి: ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు, వేలితో తడితే విడిపోవాలి. వారానికోసారి పారతో తిరగేయండి. చలికాలంలో పని బాగా నెమ్మదిస్తుంది, టెన్షన్ పడొద్దు.

ఇంకో మాట, మొదట్లోనే కొంచెం మట్టి ఒక కుండీలో తీసి, ఎరువూ నీళ్లూ లేకుండా పక్కన పెట్టుకోండి. డీజిల్‌లో తేలికపాటి భాగం ఎలాగూ ఆవిరైపోతుంది కాబట్టి, పోల్చడానికి ఏదీ లేకపోతే సూక్ష్మజీవులు ఎంత చేశాయో తెలియదు.

దీనికి నెలలు పడుతుంది. మధ్యమధ్యలో గ్లాసు నీళ్లలో చెంచా మట్టి వేసి చూడండి, పైన రంగురంగుల పొర తేలుతుంటే ఇంకా పని మిగిలున్నట్టే. పొర పోయాక ఆ మట్టిలో పది గింజలు, మంచి మట్టిలో పది గింజలు వేసి మొలకలు లెక్కపెట్టండి. తినే పంట వేయాలనుకుంటే మాత్రం ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి, మొలకల్ని నమ్ముకోవద్దు.

ఒలికింది వాడేసిన ఇంజిన్ ఆయిల్ అయితే దాంట్లో సీసం లాంటి లోహాలు కూడా ఉండొచ్చు. లోహాన్ని ఏ బ్యాక్టీరియా కూడా తిని మాయం చేయలేదు. అక్కడ మొక్కలు కొంత సాయపడతాయి: టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మట్టిలోని ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాక్కుంటుంది, అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర కలుషితమైన చెరువు నీటి నుంచి సీజియం, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక లోహాలను తీయడానికి పొద్దుతిరుగుడును వాడి చూశారు. అయితే అక్కడ విషం చోటు మారుతుందంతే. ఆ ఆకుల్ని పశువులకు వేయకూడదు, కంపోస్ట్‌లో కలపకూడదు, కాల్చకూడదు, వాటిని ప్రమాదకర చెత్త తీసుకునే చోటికే పంపాలి.