థెరపీలో కొత్త సిద్ధాంతం వినగానే ఏం అడగాలి, ఏం చూసుకోవాలి

ఫోన్ తెరిస్తే చాలు, ‘పనులు వాయిదా వేస్తున్నావా, అది ట్రామా’, ‘చిన్నప్పటి సంగతులు గుర్తులేవా, అదీ ట్రామానే’ అని రీల్స్ వచ్చి పడుతున్నాయి. ట్రామా అంటే ఏదో దెబ్బ మనసులో మిగిల్చిన గాయం. బాధలో ఉన్నవాళ్లకి ఆ మాట ఎంత ఊరటో నాకు తెలుసు, ఏళ్ల తరబడి పేరు లేని నొప్పికి ఒక పేరు దొరికినట్టుంటుంది. అందుకే డబ్బు కట్టేముందు, ఇంట్లోవాళ్లతో తెగదెంపులు చేసుకునేముందు కొన్ని చూసుకోమంటున్నాను.

అన్నిటికన్నా ముందు థెరపిస్ట్‌ని నేరుగా ఇలా అడగండి: ‘నా విషయంలో మీ అంచనా తప్పయితే ఎలా తెలుస్తుంది?’ ‘కొన్ని వారాల్లో నిద్ర, భయం మారకపోతే వేరే పద్ధతి చూద్దాం’ అంటే మంచి గుర్తు. ‘మీరు ఒప్పుకోకపోవడమే గాయం లోతుగా ఉందనడానికి రుజువు’ అంటే లేచి వచ్చేయండి. అవునన్నా రుజువే, కాదన్నా రుజువే అయినచోట మీ మాటకి విలువ ఉండదు.

1980ల చివర్లో, 90ల మొదట్లో అమెరికాలో ఇదే జరిగింది. డిప్రెషన్ అనో, తిండి సమస్య అనో వచ్చిన ఆడవాళ్లకి కొందరు థెరపిస్టులు ‘చిన్నప్పుడు మీమీద లైంగిక దాడి జరిగి ఉంటుంది, మనసు దాన్ని దాచేసింది’ అని చెప్పి, హిప్నాసిస్ చేసి, కళ్లు మూసుకుని ఊహించుకోమని, ‘జ్ఞాపకాలు’ బయటికి తీశారు. ఏమీ గుర్తురాకపోతే ఇంకా తవ్వారు. కాలిఫోర్నియాలో జార్జ్ ఫ్రాంక్లిన్ అనే ఆయన్ని 1969 నాటి హత్యకి 1990లో దోషిగా తేల్చారు, ప్రధాన ఆధారం ఇరవై ఏళ్ల తర్వాత కూతురికి ‘తిరిగొచ్చిన’ జ్ఞాపకం. 1995లో ఆ తీర్పుని కోర్టు కొట్టేసింది, మరుసటి ఏడాది ఆయన విడుదలయ్యాడు. 1995లోనే జ్ఞాపకాల మీద పనిచేసే అమెరికా సైకాలజిస్ట్ ఎలిజబెత్ లోఫ్టస్ అచ్చువేసిన ప్రయోగంలో 24 మందికి ఇంట్లోవాళ్లు చెప్పిన నిజమైన సంఘటనలతో పాటు ‘నువ్వు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు’ అనే కల్పిత కథ ఒకటి కలిపి ఇచ్చారు. వాళ్లలో ఆరుగురు అది కూడా పూర్తిగానో కొంతో గుర్తుందన్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల మీద అఘాయిత్యాలు నిజంగానే జరుగుతాయి, దశాబ్దాల పాటు ఆడవాళ్లు చెప్పింది ఎవరూ నమ్మలేదు, ఆ న్యాయమైన కోపంలోంచే దాగిన జ్ఞాపకాలు తవ్వే ఈ ఉద్యమానికి అంత బలం వచ్చింది. కానీ కోపం న్యాయమైనదైతే సిద్ధాంతం నిజమైపోదు, చివరికి నిజంగా నష్టపోయినవాళ్ల మాటనీ జనం అనుమానించే పరిస్థితి వచ్చింది. అలాగని రాజకీయాల్లోంచి పుట్టిందల్లా అబద్ధమూ కాదు. భయానకమైన అనుభవం తర్వాత అదే మనసుని వెంటాడే పీటీఎస్‌డీ అనే సమస్యని 1980లో అమెరికా సైకియాట్రీ వాళ్ల మాన్యువల్‌లో చేర్చడం వెనక వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం ఉంది, అయినా అది పరీక్షలకి నిలబడింది. కాబట్టి ఎవరు మొదలుపెట్టారన్నదాని కన్నా తర్వాత పరీక్షకి నిలబడిందా అన్నదే చూడండి.

వినడానికి బాగుంది కదా అని కూడా నమ్మొద్దు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించేస్తే మనసు తేలికవుతుందన్న ‘డీబ్రీఫింగ్’ పద్ధతి 1980ల్లో మొదలై చాలా దేశాలకి పాకింది. బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద పరీక్షిస్తే, 13 నెలల తర్వాత డీబ్రీఫింగ్ చేసినవాళ్లలో 26 శాతానికి పీటీఎస్‌డీ కనిపించింది, చేయనివాళ్లలో 9 శాతానికే. చెప్పమని తొందరపెట్టకుండా పక్కన ఉండి, అన్నం, నిద్ర, తోడు చూసుకోవడమే మేలు.

ఇంకోటి, పద్ధతి పనిచేయడం వేరు, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పే కథ వేరు. కళ్లని అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్‌ని పీటీఎస్‌డీకి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది. కానీ ఫలితం కళ్ల కదలిక వల్లా, భయపెట్టిన సంగతిని జాగ్రత్తగా మళ్లీ తలుచుకోవడం వల్లా అన్నదాని మీద పరిశోధకుల్లో చాలా వాదన నడిచింది. మీకు ఉపశమనం దొరికితే తీసుకోండి, దాంతోపాటు ఇచ్చే మెదడు కథని మాత్రం నెమ్మదిగా నమ్మండి.

క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునేవాళ్లని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. నిద్ర పట్టని రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి సెషన్‌కి వెళ్లకముందే ఒక నోటుబుక్కులో మీకు గుర్తున్నది, గుర్తులేనిది ఉన్నది ఉన్నట్టు రాసి తేదీ వేయండి. ఆరు నెలల తర్వాత కొత్తగా ఏదైనా ‘గుర్తొస్తే’, ముందు ఆ పేజీ తీసి చదవండి.