ఇంజనీరింగ్ పీహెచ్‌డీ: చేరిన రోజు నుంచి వైవా దాకా పూర్తి చేయాల్సినవి

మన దేశంలో పీహెచ్‌డీకి ఆధారం యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు. వాటికి లోబడి ప్రతి యూనివర్సిటీ సొంత ఆర్డినెన్సు (పీహెచ్‌డీ నియమావళి) రాసుకుంటుంది. ఐఐటీల్లో అయితే సెనేట్ (చదువుల వ్యవహారాలు చూసే మండలి) పెట్టిన నియమాలు నడుస్తాయి. అందుకే చేరిన వెంటనే మీ బ్యాచ్‌కు వర్తించే ఆర్డినెన్సు ప్రతి తీసుకుని దగ్గర పెట్టుకోండి. సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ నియమం కావచ్చు. పేపర్ల విషయంలో ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు ఒక జర్నల్ పేపరు, రెండు కాన్ఫరెన్సు ప్రజెంటేషన్లు ఉండాలన్నారు. 2022లో ఆ షరతు ఎత్తేశారు. కానీ సొంతంగా పేపర్లు అడిగే యూనివర్సిటీలు ఇప్పటికీ ఉన్నాయి. ఎన్ని కావాలి, జర్నల్ ఏ ఇండెక్సులో (గుర్తింపు ఉన్న జర్నళ్ల జాబితాలో) ఉండాలి, అంగీకార పత్రం సరిపోతుందా లేక అచ్చు కావాల్సిందేనా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి.

గడువు కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కింద 240 రోజుల దాకా ఇస్తారు.

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ పేపరు తప్పనిసరి. 55 శాతం మార్కులు రాకపోతే కొనసాగడానికి గానీ, థీసిస్ ఇవ్వడానికి గానీ అర్హత ఉండదు. తేలికగా పాసయ్యే పేపర్లు కాకుండా మీ సమస్యకు పనికొచ్చేవి ఎంచుకోండి. ప్రయోగాలు చేసేవాళ్లకు డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్, సిమ్యులేషన్ చేసేవాళ్లకు న్యూమరికల్ మెథడ్స్ చివరిదాకా అక్కరకొస్తాయి.

ఆ తర్వాత ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని చూపించాలి. దీన్ని మొక్కుబడిగా జరిపించేస్తే నష్టపోయేది స్కాలరే. కమిటీ అడిగిన మార్పులు మినిట్స్‌లో (సమావేశం నమోదు పత్రంలో) చేరాయో లేదో చూసుకుని ఒక కాపీ దాచుకోండి. పరిశోధన లక్ష్యాలు మూడో నాలుగో చాలు. ప్రతి లక్ష్యానికీ ఒక అధ్యాయం, వీలైతే ఒక పేపరు వచ్చేలా కూర్చుకుంటే థీసిస్ రాయడం సగం తేలికవుతుంది. "సామర్థ్యం పెంచడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. ఏ కొలమానంలో, దేనితో పోల్చి, ఏ పరిస్థితుల్లో అన్నది అందులోనే ఉండాలి.

ఇంజనీరింగ్ థీసిస్‌లు పరీక్షకుల దగ్గర ఎక్కువగా చిక్కుకునేది ఫలితాల నమ్మకం మీద. సిమ్యులేషన్ అయితే మెష్‌ను (లెక్క కోసం వస్తువును చిన్న గడులుగా విడగొట్టిన వలను) కనీసం మూడు స్థాయుల్లో సన్నం చేసి ఫలితం మారడం లేదని చూపాలి, ప్రచురితమైన ప్రయోగ ఫలితాలతో సరిపోల్చాలి. ప్రయోగమైతే ఒక్కో పాయింటునూ కనీసం మూడుసార్లు కొలిచి అనిశ్చితిని లెక్కగట్టాలి, పరికరాల క్యాలిబ్రేషన్ (ప్రమాణంతో సరిచూసిన) వివరాలు అనుబంధంలో ఇవ్వాలి. మెషీన్ లెర్నింగ్ అయితే టెస్ట్ డేటా (మోడల్‌ను పరీక్షించడానికి పక్కన పెట్టింది) శిక్షణలోకి జొరబడలేదని నిరూపించాలి. స్కేలింగ్ (విలువలను ఒకే కొలతకు తేవడం), ఫీచర్ల (మోడల్‌కు ఇచ్చే అంశాల) ఎంపిక డేటాను విడగొట్టక ముందే చేస్తే ఖచ్చితత్వం ఎక్కువగా కనిపిస్తుంది, కొత్త డేటా మీద కూలిపోతుంది. ముడి డేటా, కోడు తేదీలతో సహా రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. వైవాలో (థీసిస్‌పై జరిగే మౌఖిక పరీక్షలో) ఒక గ్రాఫు గురించి అడిగితే దాని వెనకున్న ఫైలు చూపగలగాలి.

జర్నల్ రివ్యూకు నెలలు పడుతుంది, తిరస్కరిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే మొదటి లక్ష్యం తేలగానే పేపరు పంపేయాలి. పేటెంటు ఆలోచన ఉంటే మాత్రం ముందు దరఖాస్తు, తర్వాతే పేపరు. ప్రచురించాక కొత్తదనం పోయినట్టే లెక్క. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ ప్రాథమిక వివరణ) వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల వ్యవధి ఉంటుంది.

గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇప్పటికే ఉన్న రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే 6 నెలల్లోపు సవరించి ఇవ్వమంటారు. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్లీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. మీ సొంత పేపర్లే థీసిస్‌తో కలిసి శాతాన్ని పెంచేస్తాయి. వాటిని మినహాయించడానికి మీ యూనివర్సిటీ ఏ సర్టిఫికెట్ అడుగుతుందో ముందే కనుక్కోండి. పేపర్లలోని బొమ్మలు వాడుకోవడానికి ప్రచురణకర్త అనుమతి షరతులూ చదవాలి.

సమర్పణకు ముందు అడ్వైజరీ కమిటీ ఎదుట ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఇవ్వాలి. ఇది అధ్యాపకులు, తోటి స్కాలర్లు అందరూ రాగలిగే సభ. అక్కడ వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ థీసిస్‌లో ఏ పేజీలో ఏం మార్చారో పట్టిక తయారుచేసుకోండి. ఫీజు బకాయిలు, లైబ్రరీ నోడ్యూస్, గైడ్ సంతకాలు ఆఖరి వారానికి వదిలేస్తే గడువు చేజారుతుంది.

థీసిస్‌ను గైడ్‌తోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. ఒకరు తిరస్కరిస్తే ప్యానెల్‌లోని మరొకరికి పంపుతారు. ఆ మూడో వ్యక్తి కూడా వద్దంటే థీసిస్ తిరస్కరించినట్టే. రిపోర్టులు అనుకూలంగా వచ్చాక బహిరంగ వైవా జరుగుతుంది. సమర్పించిన 6 నెలల్లో ఇదంతా ముగించాలన్నది నిబంధన. ఆలస్యమవుతుంటే పరీక్షల విభాగానికి రాతపూర్వకంగా గుర్తుచేయండి.

వైవాలో "మీ పనిలో కొత్తది ఏమిటి?" అన్న ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు సిద్ధంగా ఉండాలి. పరిమితులు అడిగితే దాచకుండా చెప్పండి. ఫలితం ఏ పరిధిలో చెల్లుతుందో తెలిసినవాళ్ల మీద పరీక్షకులకు నమ్మకం పెరుగుతుంది. సవరణలు పూర్తయ్యాక ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు (థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే యూజీసీ కేంద్రం) చేరిందో లేదో చూసుకుని ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకోండి. డిగ్రీ యూజీసీ నిబంధనల ప్రకారమే ఇస్తున్నట్టు అందులో రాసి ఉండాలి. అధ్యాపక ఉద్యోగాల దరఖాస్తుల్లో ఆ వాక్యం అవసరమవుతుంది.