కాన్పు గదిలో మన మాట వినిపించుకోకపోతే ఏం చేయాలి

"నొప్పులు అందరికీ వస్తయి, నీకొక్కదానికేనా?" నల్లగొండ, పాలమూరు వైపు కాన్పుకు దవాఖానకు పోయి వచ్చిన ఆడవాళ్లను నలుగురిని కదిలిస్తే ఒకరైనా అక్కడ ఈ మాట పడ్డామని చెప్తారు. సిస్టర్లకు పని ఎక్కువ, మంచాలు తక్కువ, అది నిజమే. కానీ అందుకని నొప్పులు పడే మనిషి చెప్పేది పక్కన పెట్టడం సరికాదు, కొన్నిసార్లు అది ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మన మాట చెవికెక్కేటట్టు చేసుకునే పని ఎనిమిదో నెలలోనే మొదలుపెట్టాలి.

ముందు వెంట ఎవరు రావాలో తేల్చుకోండి. మన దగ్గర చాలామంది భర్తలు పనుల కోసం హైదరాబాద్, ముంబయి, పుణెల్లో ఉంటారు, కాన్పు టైంకు అందుతారో లేదో చెప్పలేం. ఇంట్లో పెద్దామె అని కాకుండా, గొడవ పెట్టుకోకుండా గట్టిగా అడగగలిగే ఆమెను ఎంచుకోండి, అది వదిన కావచ్చు, మేనత్త కావచ్చు. తండాల నుంచి వచ్చేవాళ్లయితే లంబాడీ, తెలుగు రెండూ బాగా వచ్చిన మనిషి ఉండి తీరాలి, ఎందుకంటే నొప్పుల మీద ఉన్నప్పుడు నోటికి సొంత భాషే వస్తుంది. సర్కారు దవాఖానల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో కూడా అది ఉంది. నెలనెలా చెకప్‌కు పోయినప్పుడే "మేడం, మా వదినను లోపలికి రానిస్తరా?" అని అడిగి పెట్టుకోండి. ఆ రోజు గేటు దగ్గర అడిగితే వాదులాటే మిగులుతుంది. ప్రైవేటులో అయితే అడ్వాన్స్ కట్టకముందే అడగండి.

తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్‌లు, రక్త పరీక్షలు ఒకే కవర్లో పెట్టండి. పైన ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో బ్లడ్ గ్రూపు, బీపీ, షుగర్, థైరాయిడ్, ముందు ఆపరేషన్ అయి ఉంటే అది, పడని మందులు రాయండి. డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన సిస్టర్‌కు పాత సంగతి తెలియకపోవచ్చు, ఆ కాగితం చూపించి మళ్లీ మొదటినుంచి చెప్పాలి. విసుక్కున్నా సరే చెప్పండి.

ఇక చెప్పే తీరు. "బాగా నొస్తుంది" అంటే ఆ గదిలో అందరూ అనే మాటే కాబట్టి పట్టించుకోరు. ఎప్పుడు, ఏమైంది, ముందుకంటే ఏం మారింది, ఈ మూడూ చెప్పాలి. మా వదిన కాన్పుకు మా మేనత్త తోడు పోయింది, దేవరకొండ వైపు మనిషి, ఐదో తరగతి చదువు. తల నొస్తుందంటే "ఇంకా టైం ఉంది, పడుకో" అన్నారు. అత్త కార్డు వెనక పెన్నుతో రాసింది: "2:40 నీళ్లు పోయినయి. 3:15 తలనొప్పి. 3:30 కండ్లు మసక." ఆ కార్డు సిస్టర్ చేతికే ఇచ్చింది. ఆమె చదివి, మాట్లాడకుండా పోయి బీపీ మిషన్ తెచ్చింది. బీపీ 150 మీద 100 ఉంది. ఆ తర్వాతే డాక్టర్‌కు ఫోన్ పోయింది.

అడగాల్సినవి ఇవి: ఇప్పుడు బీపీ ఎంత? బిడ్డ గుండె ఎంత కొట్టుకుంటుంది (మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 ఉండాలి)? డ్యూటీ డాక్టర్‌కు చెప్పారా? చివరగా, "మేము చెప్పింది కేస్ షీట్‌లో రాయండి మేడం." ఈ చివరిదానికి బలం ఎక్కువ, కాగితం మీద పడిన మాటకు రేపు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

కొన్నింటికి మాత్రం మొహమాటం అసలు వద్దు. కండ్లు మసకలు, విపరీతమైన తలనొప్పి, పొట్ట పైభాగంలో నొప్పి, బీపీ 140/90 దాటడం, ఫిట్స్, రక్తం పోవడం, ఉమ్మనీరు ఆకుపచ్చగా రావడం, బిడ్డ కదలిక తగ్గడం, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లకు నొప్పికి నొప్పికి మధ్య కూడా తగ్గని నొప్పి. కాన్పు అయ్యాక "బాలింతకు ఇంత మామూలే" అంటారు, కానీ గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, కండ్లు తిరిగినా అది మామూలు కాదు. వార్డు అంతా వినపడేటట్టు పిలవండి.

ఆపరేషన్ అంటే ఎందుకు, ఇంకా ఆగితే ఏమవుతుంది, ఎంత టైం ఉంది అని అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, కాబట్టి అడగడం తప్పేం కాదు. అయితే బిడ్డ గుండె పడిపోతుందని చెప్తే ముహూర్తాలు, చర్చలు పెట్టుకోవద్దు. సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. ఆమె స్పృహలో ఉంటే నిర్ణయం ఆమెదే, అత్తమామలది కాదు.

తిట్టినా, చెయ్యి ఎత్తినా తోడున్న మనిషి నెమ్మదిగా అనాలి: "కొట్టొద్దు మేడం, ఏం చేయాలో చెప్పండి, చేస్తది." పేరు, టైం రాసుకోండి. వినకపోతే డ్యూటీ డాక్టర్, తర్వాత ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), తర్వాత సూపరింటెండెంట్. మగ డాక్టర్ పరీక్ష చేస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, తిండి అన్నీ ఉచితం, బిడ్డను చూపించడానికి ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

ఇంటికి వచ్చాక ఫిర్యాదు చేయాలనుకుంటే మరిచిపోకముందే తారీఖు, టైంలతో రాసి పెట్టండి. కేస్ షీట్ నకలు కావాలని రాసి ఇవ్వండి, మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకుపోవచ్చు, ప్రైవేటు ఆసుపత్రి మీదైతే జిల్లా వైద్యాధికారికి ఇవ్వండి. ఇంట్లోవాళ్లు "తల్లీబిడ్డ బాగున్నరు కదా, ఇంకెందుకు" అంటారు. బాగున్నా కూడా జరిగింది మనసులో తిరుగుతూనే ఉంటుంది, అది ఆ తల్లి బలహీనత కాదు. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడాలనిపించకపోతే ఆశమ్మకు చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు అది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు.